సంతకం పెట్టినాయన ఏం చూశాడు?

శ్రావణమాసపు పెళ్ళిళ్ళకి అమెరికా నుంచి వచ్చే డాక్టర్లకి ఒక చిక్కుంది. సూట్‌కేసు ఇంకా విప్పకముందే ఊళ్ళో హౌస్‌సర్జన్ పిల్లలు గుమ్మంలో నిలబడతారు. అందరూ అడిగేది ఎల్‌ఓఆర్ గురించే. అమెరికాలో రెసిడెన్సీకి, అంటే మన పీజీ లాంటి శిక్షణకి, దరఖాస్తు పెట్టేవాళ్ళు తాము కోరుకున్న బ్రాంచిలో తమ పని చూసిన డాక్టర్ల చేత రాయించుకోవలసిన ఉత్తరం అది. సెప్టెంబరు ఆఖర్లో అక్కడి ప్రోగ్రాములు దరఖాస్తులు తెరుస్తాయి. కాబట్టి ఆగస్టంతా ఈ ఉత్తరాల హడావుడే.

మా అమ్మాయి ఒహాయోలో ఒక టీచింగ్ ఆసుపత్రిలో ఇంటర్నల్ మెడిసిన్ డాక్టరు. ఏటా ఆ దరఖాస్తులు చదివే కమిటీలో కూర్చుంటుంది. మా బావమరిది ప్రభుత్వ మెడికల్ కాలేజీలో జనరల్ మెడిసిన్ ప్రొఫెసర్‌గా రిటైరై, ఇప్పుడొక ప్రైవేటు కాలేజీలో హెచ్‌ఓడీగా ఉన్నాడు. నేను బ్యాంకులో చేసి దిగిన మనిషిని, వైద్యం గురించి తెలిసింది బీపీ మాత్ర వేసుకోవడం వరకే. ఈ మేనమామా, మేనకోడలూ ఒక హౌస్‌సర్జన్ తెచ్చిన ఎల్‌ఓఆర్ కాగితం మధ్యలో పెట్టుకుని భోజనాలయ్యాక మొదలుపెట్టిన వాదన కాఫీల వేళ దాటినా ఆగలేదు. అందులో నాకు పట్టుబడినంత ఇక్కడ రాస్తున్నాను. నా మొగ్గు ఎటో మధ్యలో తెలిసిపోతుంది. దాచే ప్రయత్నం చేయలేదు.

కోడలు: మామయ్యా, ఈ ఉత్తరం మీరే రాశారా?

మామయ్య: వాడే రాసుకొచ్చాడమ్మా. లెటర్‌హెడ్ మీద ప్రింటు కూడా వాడే తీయించాడు. చూసి సంతకం పెట్టడమే నా పని. నాకు ఇంగ్లీషు రాక కాదు. ఈ నెలలోనే పదిమంది వస్తారు, అందరికీ కూర్చుని రాస్తుంటే ఓపీ ఎవడు చూస్తాడు?

కోడలు: ‘నేను పాఠం చెప్పిన విద్యార్థుల్లో మొదటి ఒక శాతంలో ఉంటాడు’ అని ఉంది. మీ పదిమందీ ఆ ఒక శాతంలోనే ఉంటారా?

మామయ్య: అది మర్యాదకి రాసే మాట. ఎవడు పట్టించుకుంటాడు?

కోడలు: మేం పట్టించుకుంటాం. ఒకే కాలేజీ నుంచి ముగ్గురు దరఖాస్తు పెడితే ముగ్గురి ఉత్తరాల్లోనూ అదే ఒక శాతం, అదే వాక్యం. అప్పుడు ఆ ముగ్గురిలో నిజంగా బాగా చేసిన పిల్లాడు కూడా మునిగిపోతాడు. సరే, ఇది దరఖాస్తుల పోర్టల్‌లో ఎవరు ఎక్కిస్తారు? రాసినవాళ్ళే ఎక్కించాలి కదా.

మామయ్య: వాడే. నా పేరు మీద ఒక మెయిల్ ఐడీ పెట్టాడట.

కోడలు: అయ్యో మామయ్యా! అది తెలిస్తే విదేశాల్లో చదివిన డాక్టర్ల అర్హతలు చూసే ఈసీఎఫ్‌ఎమ్‌జీ వాళ్ళు విచారణ పెడతారు. అక్రమం అని తేలిందంటే వాడి రికార్డులో అలాగే ఉండిపోతుంది, ప్రతి ప్రోగ్రామూ చూస్తుంది. ఇంకో తమాషా తెలుసా? దరఖాస్తులో ఒక గడి ఉంటుంది, ‘ఈ ఉత్తరాన్ని చూసే హక్కు వదులుకుంటున్నాను’ అని. 1974 నాటి చట్టం విద్యార్థికి ఆ హక్కు ఇచ్చింది. అందరూ వదులుకుంటారు, వదులుకోకపోతే మేం ఆ ఉత్తరాన్ని నమ్మం కాబట్టి. వీడూ వదులుకునే ఉంటాడు. తాను రాసుకున్న ఉత్తరాన్ని తానే చూడనని సంతకం పెట్టాడన్నమాట!

బావమరిది నవ్వాడు, కానీ వెనక్కి తగ్గలేదు. అతని అసలు వాదన ఇక్కడి నుంచి మొదలైంది.

మామయ్య: చూడమ్మా, ఆ నాటకం నాదీ కాదు, వాడిదీ కాదు. నువ్వున్న పద్ధతిది. ఒకడి భవిష్యత్తు ఇంకొకడు రాసే నాలుగు పేరాల మీద పెడితే, ఆ పేరాలు ఎలాగైనా పుట్టుకొస్తాయి. మన దేశంలో మెడికల్ పీజీని పైరవీల నుంచి బయటికి లాగడానికి ఎన్నేళ్ళు పట్టిందో నువ్వెరుగుదువా? ఎయిమ్స్ లాంటి కొన్ని సంస్థలు తప్పిస్తే, 2017 నుంచి నీట్ పీజీ ఒక్కటే దారి. వార్డు బాయ్ కొడుకైనా, మంత్రిగారి కూతురైనా ఒకే కంప్యూటర్ ముందు కూర్చోవాలి. ర్యాంకు వస్తుంది. కౌన్సెలింగులో వరస వస్తుంది. రేడియాలజీ కావాలంటే రేడియాలజీ, డెర్మా కావాలంటే డెర్మా. ‘నీకెందుకు డెర్మా?’ అని అడిగేవాడు లేడు. ‘వీడు మంచివాడే’ అని చెప్పేవాడి అవసరమూ లేదు. అంతకంటే గౌరవం ఏముంది?

కోడలు: ఆ ర్యాంకు సంగతి నాకు చెప్పకండి. 2014లో మన ఎన్టీఆర్ వర్సిటీ పీజీ ఎంట్రన్స్ పేపరు లీకై, పరీక్ష రద్దు చేసి మళ్ళీ పెట్టారు. నా క్లాస్‌మేట్లు ఆ రెండు నెలలూ ఏడ్చారు. 2023లో సీట్లు మిగిలాయని నీట్ పీజీ కటాఫ్‌ని సున్నా పర్సంటైల్‌కి దించారు. 2024లో తెల్లారితే పరీక్ష అనగా ముందు రాత్రి వాయిదా వేశారు. పిల్లలు ఇంకో ఊళ్ళో లాడ్జీ గదుల్లో ఉన్నారు అప్పటికి.

మామయ్య: ఒప్పుకుంటాను. కానీ తేడా చూడు. పేపరు లీకైతే దొంగ దొరికాడు, పరీక్ష మళ్ళీ పెట్టారు. ఉత్తరంలో అబద్ధం ఉంటే ఎవడు పట్టుకుంటాడు? దాన్ని రద్దు చేసి మళ్ళీ పెట్టేదెవరు?

ఇది బలమైన మాటే. అమ్మాయి కూడా వెంటనే జవాబు చెప్పలేదు. నేను అందుకున్నాను. మా బ్యాంకులో అప్పుకి జామీను ఉంటుంది, తీసుకున్నవాడు కట్టకపోతే సంతకం పెట్టినవాడు కట్టాలి, ఈ ఉత్తరం రాసినాయన ఏం కడతాడు అని అడిగాను.

కోడలు: అక్కడే ఉంది కీలకం నాన్నా. అమెరికాలో ఒక బ్రాంచిలో ప్రోగ్రాము నడిపేవాళ్ళు ఒకరికొకరు తెలుసు. ఒకాయన ‘కళ్ళు మూసుకుని తీసుకోండి’ అని రాశాడనుకో. వచ్చినవాడు మొదటి నెలలోనే రాత్రి డ్యూటీలో ఫోనెత్తకపోతే ఆ ఉత్తరం మాకు గుర్తుంటుంది. వచ్చే ఏడు ఆయన రాసినదాన్ని అంత బరువుగా తీసుకోం. సందేహం ఉంటే ఫోన్ చేసి అడుగుతాం కూడా. ఆయన కట్టే జరిమానా అదే, ఆయన మాటకి విలువ తగ్గడం. మామయ్య సంతకానికి ఆ జరిమానా లేదు. పదిమందికి పెట్టినా మళ్ళీ ఎవరూ వచ్చి అడగరు.

మామయ్య: అంటే అది మీలో మీరు తిప్పుకునే చెలామణి. ఆ చెలామణిలో నా పేరు లేదు. ముప్పయ్యేళ్ళకి పైగా వార్డులో నిలబడినవాడి మాట కన్నా నిరుడు ఫ్యాకల్టీలో చేరిన కుర్రాడి మాట ఎక్కువ, ఎందుకంటే వాడి ఫోన్ నంబరు మీ డైరెక్టర్ దగ్గరుంది. దీన్ని నువ్వు ప్రతిభ అంటావు. మా రోజుల్లో దీన్నే తెలిసినవాళ్ళ ద్వారా పని చేయించుకోవడం అనేవాళ్ళు.

కోడలు: ఒక మంచి ఉత్తరం ఎలా ఉంటుందో చెప్తాను, విన్నాక తిట్టండి. నిరుడు చదివాను. విద్యార్థి ఒక అటెండింగ్ డాక్టరు దగ్గర నెల చేశాడు. ఆవిడ పొగడ్తలేమీ రాయలేదు. న్యుమోనియాతో చేరిన పేషెంటు, మూడోరోజు పొద్దున. బీపీ బాగానే ఉంది, నాడి మాత్రం ఎనభైల నుంచి నూటపది దాటింది. జ్వరం వల్లే అని అందరూ అనుకున్నారు. ఈ అబ్బాయి నర్సుని అడిగాడు, రాత్రి విరేచనం నల్లగా అయిందని తెలిసింది. పేషెంటుని అడిగితే మోకాళ్ళ నొప్పికి రోజూ ఐబుప్రోఫెన్ మింగుతున్నాడు. రౌండ్స్ మొదలవకముందే రెసిడెంట్‌కి చెప్పాడు. కడుపులో రక్తస్రావం. చివర్లో ఆవిడ రాసింది: ఈ విద్యార్థికి ఇంకా ఈసీజీ చదవడం సరిగ్గా రాదు, నేర్పితే వస్తుంది. అంతే. కమిటీలో మేం ముగ్గురం ఆ ఫైలుని పైకి తీశాం.

మామయ్య: ఈసీజీ రాదని రాసినా?

కోడలు: రాసినందుకే. అది లేకపోతే మిగతాది నమ్మేవాళ్ళం కాదేమో. ర్యాంకులో ఈ నల్ల విరేచనం ఎక్కడ కనిపిస్తుంది చెప్పండి? నాలుగు ఆప్షన్లిచ్చి ‘రక్తస్రావం’ గుర్తుపట్టమంటే అందరూ పడతారు. నర్సుని అడగాలని తోచినవాడెవడో పరీక్ష చెప్పదు.

మామయ్య: చెప్పదు. నిజమే. కానీ ఆవిడకి నెలకి ఎంతమంది విద్యార్థులు?

కోడలు: ఇద్దరు, ముగ్గురు.

మామయ్య: నా వార్డులో ఒక బ్యాచి వస్తే మంచం చుట్టూ మూడు వరసలు నిలబడతారు. వెనక వరసవాడికి పేషెంటు కాళ్ళు మాత్రమే కనిపిస్తాయి. హౌస్‌సర్జన్ అంటే రక్తం లాగి ల్యాబుకి పరిగెత్తేవాడు, స్కానింగుకి స్ట్రెచర్ తోసేవాడు. వాళ్ళ క్లినికల్ ఆలోచన నాకెప్పుడు కనిపించాలి? వాడి చేత డ్రాఫ్టు రాయించేది నా బద్ధకం అనుకుంటున్నావు. నాకు వాడి పేరు తెలియదమ్మా, అందుకు. మొహం తెలుసు.

ఇది అతను గొంతు తగ్గించి అన్నాడు. ఇలాంటి ఉత్తరాల మీద ఎన్ని సెటైర్లు విన్నానో లెక్కలేదు గానీ, కారణాన్ని ఇంత సూటిగా చెప్పిన ప్రొఫెసర్‌ని నేను చూడలేదు. కానీ అతనికి జాలి అక్కర్లేదు. వెంటనే మళ్ళీ అందుకున్నాడు.

మామయ్య: ఎల్లాప్రగడ సుబ్బారావుగారి సంగతి తీసుకో. మద్రాసు మెడికల్ కాలేజీ. గాంధీగారి పిలుపు విని ఖద్దరు గౌను వేసుకున్నాడని సర్జరీ ప్రొఫెసరు బ్రాడ్‌ఫీల్డ్‌కి కోపం. రాతపరీక్షలు బాగా రాసినా ఎంబీబీఎస్ రాలేదు, తక్కువ హోదా ఎల్ఎమ్ఎస్ ఇచ్చి పంపారు. ఒక్క మనిషి అయిష్టం! నువ్వు నెత్తినెత్తుకుంటున్న మనిషి తీర్పు అంటే ఇదే.

కోడలు: మామయ్యా, బ్రాడ్‌ఫీల్డ్ ఉత్తరం రాయలేదు. పరీక్షలో మార్కులు వేశాడు! సుబ్బారావుగారిని దెబ్బ కొట్టింది మీరు శుద్ధమంటున్న పరీక్షే.

మామయ్య: అందుకే కదా కంప్యూటర్ పరీక్ష కావాలంటున్నాను. మౌస్‌కి ఖద్దరుకీ పట్టుకీ తేడా తెలియదు.

కోడలు: ఆ ఎల్ఎమ్ఎస్‌తోనే బోస్టన్‌లో దిగి హార్వర్డ్‌లో ట్రాపికల్ మెడిసిన్ డిప్లొమా చేశాడు.

మామయ్య: చేశాడు. చేస్తూ పొట్టకూటికి ఆసుపత్రిలో రాత్రిపూట కూలిపని లాంటిది చేశాడు. అదీ చెప్పు.

ఇద్దరూ కాసేపు సుబ్బారావుగారి మీద పడ్డారు, ఫోలిక్ యాసిడ్, ఆరియోమైసిన్ దాకా వెళ్ళారు. అది వేరే కథ కాబట్టి వదిలేస్తున్నాను. తిరిగి దారిలోకి తెచ్చింది బావమరిదే.

మామయ్య: మీవాళ్ళ పరిశోధనే ఒకటుంది, మా మెడికల్ ఎడ్యుకేషన్ యూనిట్‌లో చదివాం. ట్రిక్స్, సెంకా అని ఇద్దరు 2003లో వేశారు. ఒక పెద్ద అమెరికన్ మెడికల్ స్కూల్లో ఫ్యాకల్టీ ఉద్యోగాలు వచ్చినవాళ్ళ ఉత్తరాలే మూడు వందల పైచిలుకు తీసుకుని మాటమాటా చూశారు. ఆడవాళ్ళకి రాసినవి పొట్టివి. మగవాడైతే పరిశోధన, సాధన. ఆడదైతే కష్టపడుతుంది, బాధ్యతగా ఉంటుంది. పైగా అనుమానం పుట్టించే మాటలు ఎక్కువ. ఉద్యోగం వచ్చినవాళ్ళ గతే ఇది. రానివాళ్ళకేం రాశారో! నువ్వు ఆడపిల్లవి, ఈ పద్ధతిని ఎలా సమర్థిస్తావు?

కోడలు: నాకు రాసినదాంట్లోనూ ‘హార్డ్ వర్కింగ్’ అని ఉండే ఉంటుంది, నేను చూడలేదు కాబట్టి తెలియదు. మీరన్నది నిజం. ఇంకొకటి కూడా నిజం. కొన్ని మాటలకి లోపల ఇంకో అర్థం ఉంటుంది. ‘రికమెండ్ చేస్తున్నాను’ అని ఊరికే అంటే వద్దని. ‘స్ట్రాంగ్లీ’ అంటే పరవాలేదని. ‘ఏ సంకోచమూ లేకుండా, మా ప్రోగ్రాములోనే ఉంచుకోవాలనుంది’ అంటేనే అవునని. మీరు మనస్ఫూర్తిగా ‘సిన్సియర్, పంక్చువల్, ఒబీడియంట్’ అని రాస్తారు. అక్కడ చదివేవాడికి అది ‘ఇంకేమీ లేదు’ అని వినిపిస్తుంది.

మామయ్య: ఒబీడియంట్ తప్పా?

కోడలు: రెసిడెంట్ తప్పు చేస్తుంటే ఆగమని చెప్పే ఇంటర్న్ కావాలి వాళ్ళకి.

మామయ్య: చూశావా బావా! అర్థాలు వాళ్ళవి, అలవాట్లు వాళ్ళవి. పరీక్షంటే కనీసం సిలబస్ ఉంటుంది.

కోడలు: దీనికి మందు ఎమర్జెన్సీ మెడిసిన్ వాళ్ళు తొంభైల్లోనే కనిపెట్టారు. స్లో అంటారు, స్టాండర్డైజ్డ్ లెటర్ ఆఫ్ ఇవాల్యుయేషన్. ఇష్టమొచ్చినట్టు రాయడానికి లేదు. ఫారం ఉంటుంది. తోటివాళ్ళతో పోలిస్తే పై పదిశాతమా, పై మూడోవంతా, మధ్య మూడోవంతా, కింద మూడోవంతా? రెసిడెన్సీలో ఎంత చెయ్యిపట్టుకుని నడిపించాలి? అన్నిటికన్నా నాకు నచ్చింది, రాసేవాళ్ళు అంతకుముందు ఎంతమందిని ఏ గడిలో పెట్టారో కూడా అందులోనే కనిపించాలి.

మామయ్య: అంటే పదిమందినీ మొదటి గడిలో పెట్టానంటే…

కోడలు: పక్కనే అంకె కనిపిస్తుంది.

మామయ్య: అయితే నేను మొదటి ఏడే దొరికిపోతాను! బాగుందే. ఇది ఒప్పుకుంటాను. మరి అన్ని బ్రాంచీల్లో ఎందుకు పెట్టలేదు?

కోడలు: ఆర్థో, డెర్మా, ఈఎన్‌టీ వాళ్ళు తమ తమ ఫారాలు చేసుకున్నారు. మా ఇంటర్నల్ మెడిసిన్‌లో డిపార్ట్‌మెంటు తరఫున ఒక క్రమంలో రాసే ఉత్తరం వచ్చింది. కానీ అవి ఎక్కువగా అక్కడి కాలేజీల పిల్లలకే అందుతాయి. మన పిల్లలవి ఇంకా మామూలు ఉత్తరాలే.

ఇక్కడ నేను అడిగాను: అసలు ఇంత గోలెందుకు, వాళ్ళకీ పరీక్షలున్నాయి కదా, యూఎస్‌ఎమ్‌ఎల్‌ఈ మార్కులు చూసి తీసుకోరాదా అని.

కోడలు: తీసుకునేవాళ్ళం నాన్నా. 2022 జనవరి 26 నుంచి అందులో మొదటి పరీక్ష స్టెప్ వన్‌కి మార్కులు లేవు. పాసా ఫెయిలా, అంతే. అంతకుముందు మన పిల్లలు 250, 260 తెచ్చుకుని కాలేజీ పేరు లేని లోటు పూడ్చుకునేవాళ్ళు. ఇప్పుడు మిగిలిన అంకె స్టెప్ టూ సీకే ఒక్కటే. 2020 నుంచి ఇంటర్వ్యూలు కూడా చాలావరకు జూమ్‌లోనే. మనిషి ఎదురుగా కనపడడు, అంకె ఒకటి పోయింది. మిగిలిన కాగితాల మీద బరువు పెరిగింది. ప్రోగ్రాము డైరెక్టర్లని సీట్ల మ్యాచ్ నడిపే ఎన్‌ఆర్‌ఎమ్‌పీ వాళ్ళు ఎప్పుడు సర్వే చేసినా, ఇంటర్వ్యూకి ఎవరిని పిలవాలో తేల్చేవాటిలో ఆ బ్రాంచి డాక్టర్లు రాసిన ఉత్తరాలు పై వరసలోనే ఉంటాయి.

మామయ్య: అమెరికా పిల్లలు ఆ మార్కుల ఒత్తిడి వద్దన్నారు, తీసేశారు. దెబ్బ తగిలింది మనవాళ్ళకి. ఇది నేనంటున్నది కాదు, నువ్వే అన్నావు.

కోడలు: అన్నాను.

మామయ్య: ఇంక ఆ బ్రాంచి సంగతి. వీడికి న్యూరాలజీ కావాలి. న్యూరాలజీ ఉత్తరం న్యూరాలజిస్టు రాయాలంటావు. మా దగ్గర న్యూరాలజీ సూపర్ స్పెషాలిటీ. ఎంబీబీఎస్ పిల్లలు అక్కడికి వెళ్ళేదే అరుదు. వీణ్ణి చూసిన న్యూరాలజిస్టు భూమ్మీద లేడు.

కోడలు: అందుకే రెండింటికీ పెడతారు, న్యూరాలజీకీ మెడిసిన్‌కీ. ఒక్కో ప్రోగ్రాముకి గరిష్ఠంగా నాలుగు ఉత్తరాలు తగిలించచ్చు. ఏ ఉత్తరం ఎక్కడికో విద్యార్థే ఎరాస్ అనే ఆ పోర్టల్‌లో గుర్తు పెట్టాలి. ఆ హడావుడిలో ‘ఇతను గొప్ప ఇంటర్నిస్ట్ అవుతాడు’ అన్న ఉత్తరం న్యూరాలజీకి వెళ్ళిపోతుంది. మాకు అటు నుంచీ వస్తాయి, ‘చిన్నప్పటి నుంచీ మెదడంటే ప్రాణం’ అని. నవ్వుకుని పక్కన పెట్టేస్తాం, పాపం.

మామయ్య: పాపం అని పక్కన పెట్టేస్తారు! ఇప్పుడు అసలైనది అడుగుతాను, దాటెయ్యకు. వీడి స్నేహితుడొకడు ఇల్లు తాకట్టు పెట్టించి నాలుగు వారాలు అమెరికా వెళ్ళొచ్చాడు. అబ్జర్వర్‌షిప్. ఏజెన్సీకి వేల డాలర్లు. పేషెంటుని ముట్టుకోనివ్వరు, గోడవారగా నిలబడాలి. ఆఖరి రోజు ఉత్తరం వచ్చింది, ‘అద్భుతమైన క్లినికల్ నైపుణ్యం’ అని. ముట్టుకోకుండా నైపుణ్యం ఎలా తెలిసింది? నేను ఉచితంగా పెట్టిన సంతకం దొంగది, డబ్బులిచ్చి కొన్నది అమెరికా ఉత్తరమా?

మా అమ్మాయి మంచినీళ్ళ గ్లాసు తీసుకుని తాగింది. తప్పించుకోవడానికి కాదని ఆ తర్వాత మాటతో తెలిసింది.

కోడలు: అది నేను సమర్థించను. ఏజెన్సీ క్లినిక్కుల ఉత్తరాలు మాకూ తెలుస్తాయి, అన్నీ ఒకే అచ్చు. ఎంబీబీఎస్ పూర్తికాకముందు విద్యార్థిగా వెళితే కొన్ని యూనివర్సిటీ ఆసుపత్రులు ఎలెక్టివ్ ఇస్తాయి, పేషెంటుని చూడనిస్తాయి, అప్పుడు రాసేది నిజమైన ఉత్తరం. పాసయ్యాక చాలాచోట్ల చూడడం వరకే. ఎలెక్టివ్‌కి వెళ్ళాలన్నా వీసా, టికెట్, ఇల్లు, ఫీజు. డబ్బున్నవాడి కొడుకే వెళ్తాడు. ఇది పద్ధతిలో ఉన్న తప్పు. నా దగ్గర దీనికి సమాధానం లేదు.

మామయ్య: మన ఎంబీబీఎస్ లాంటి అక్కడి ఎండీ చదివే విద్యార్థుల్లో 2024లో నూటికి 93 మందికి సీటు వచ్చింది. బయట చదివిన విదేశీ పౌరుల్లో 58 మందికి. ఆ తేడా మొత్తం ప్రతిభే అంటావా?

కోడలు: అనను. మార్చిలో విద్యార్థుల్నీ ప్రోగ్రాముల్నీ కలిపే మ్యాచ్ లెక్క మాత్రం శుద్ధం. రాత్, పెరాన్సన్ కట్టిన ఆ లెక్కే 1998 నుంచి నడుస్తోంది. రాత్‌కి 2012లో నోబెల్ వచ్చింది. కానీ లెక్కలోకి వెళ్ళే జాబితా మనుషులు రాసిందే. ఒక్కటి అడగనివ్వండి మామయ్యా. ఉత్తరం, ర్యాంకు రెండూ పక్కన పెట్టండి. వీడి గురించి మీకు గుర్తున్న సంగతి ఒక్కటి చెప్పండి.

మామయ్య: మొహం తెలుసన్నాను కదా.

కోడలు: మొహం ఎందుకు గుర్తుంది? మిగతావాళ్ళది లేదు కదా.

బావమరిది కుర్చీలో వెనక్కి వాలాడు. చెప్పడానికి కాస్త టైము తీసుకున్నాడు.

మామయ్య: మిర్చి సీజన్‌లో పురుగుమందు తాగినవాళ్ళు రోజూ వస్తారు మాకు. ఒక రైతుని విరుగుడుగా అట్రోపిన్ డ్రిప్ మీద పెట్టాం. రెండోరోజు రాత్రి పిచ్చిగా మాట్లాడటం, గాల్లో ఏదో పట్టుకోవడం మొదలుపెట్టాడు. తాగుడు అలవాటుంది, మానడం వల్ల వచ్చిందని డ్యూటీ పీజీ మత్తిచ్చి కట్టేయమన్నాడు. వీడు ఒప్పుకోలేదు. కేసు షీటు వెనకవైపు పావుగంటకోసారి నాడి, కనుపాప, ఊపిరితిత్తుల శబ్దం రాసిపెట్టుకున్నాడు. ఒళ్ళు కాలుతోంది, నోరు ఎండిపోయింది, పొట్టలో పేగుల చప్పుడు లేదు. ‘ఇది అట్రోపిన్ ఎక్కువవడం సార్’ అని రాత్రి రెండింటికి నాకే ఫోన్ చేశాడు. పీజీని దాటి ఫోన్ చేసినందుకు ముందు తిట్టాను. తర్వాత డ్రిప్ ఆపించాను. పొద్దునకి రైతు పేరు చెప్పాడు.

కోడలు: మరి ఇదెందుకు లేదు ఈ ఉత్తరంలో?

మామయ్య: వాడికి అది గొప్పని తెలియదు. పీజీ మీద చెప్పినట్టవుతుందని భయం కూడా ఉండచ్చు.

కోడలు: ఒహాయోలో ఈ కేసు చూసినవాళ్ళు మా కమిటీలో ఒక్కరూ ఉండరు. చదివితే లేచి కూర్చుంటారు. ఒబీడియంట్ కాదు అని కూడా రాయక్కర్లేదు, అదే తెలిసిపోతుంది.

మామయ్య: లేచి కూర్చుంటారా? నిజం చెప్పు. నా లెటర్‌హెడ్ మీద, నా సంతకంతో వస్తే?

కోడలు: నేను కూర్చుంటాను. నా పక్కాయన ముందు అమెరికా ఉత్తరాలెన్ని ఉన్నాయని వెతుకుతాడు. అవి లేకపోతే మీది చదివేదాకా వస్తాడో లేదో చెప్పలేను. నాలుగింట్లో ఒకటిగా మీది ఉంటే బాగా పనికొస్తుంది. అదొక్కటే ఉంటే కష్టం.

మామయ్య: మిగతా వాటికి డబ్బు?

కోడలు: చెప్పాను కదా మామయ్యా, దానికి నా దగ్గర జవాబు లేదని.

మామయ్య: అయితే మంచి ఉత్తరం రాయమని నాకు చెప్పే హక్కు కూడా సగమే ఉంది నీకు.

కోడలు: సగమే. ఆ సగానికైనా రాయండి.

బావమరిది డ్రాఫ్టుని మడిచి చొక్కా జేబులో పెట్టుకుని కుర్రాడికి ఫోన్ చేశాడు. రేపు ఓపీకి ముందు రమ్మన్నాడు. ఆ మెయిల్ ఐడీ తీసెయ్యమన్నాడు. మెడికల్ రికార్డ్స్‌లో ఆ రైతు కేసు షీటు దొరుకుతుందేమో చూడమన్నాడు, వెనకవైపు కాగితంతో సహా. ఫోను పెట్టబోతూ, నీతోపాటు ఉత్తరాల కోసం వచ్చిన మిగతా ఇద్దరినీ వాళ్ళ పని చూసిన యూనిట్ చీఫ్ దగ్గరికి వెళ్ళమను, నేను రాయను అన్నాడు.

కోడలు: ఆ ఇద్దరికీ ఆ మాట మీరే పిలిచి చెప్పాలి మామయ్యా. వీడి చేత చెప్పించకూడదు.

మామయ్య: నేనే చెప్తాను. నీట్‌కి కూర్చుంటే ఎవడి ఉత్తరమూ అక్కర్లేదని కూడా చెప్తాను. దానికి నువ్వేమీ అనడానికి లేదు.